షేకర్ల కుర్చీతో జువ్వలదిన్నెకు

కుర్చీలో కూర్చొని ఊరేగినవాళ్ళను చాలామందిని చూశాను. కుర్చీని కూర్చోబెట్టి తాము నిలబడి ప్రయాణం చేసినవాళ్ళు మాత్రం నాకు తెలిసి ఇద్దరే. ఒకరు నేను, రెండోవాడు మా తమ్ముడు దేవదానం. మనుబోలు నుంచి జువ్వలదిన్నె దాకా అట్లా పోయాం. సముద్రం మాకు మరీ దూరమేమీ కాదు. అయినా మా వీధిలో సగంమంది ఆ దిక్కుకు పోయినవాళ్ళు కారు. చేపలు బుట్టలో గడప దగ్గరికే వస్తుంటే పోయే పనేముంది? వచ్చినప్పటి నుంచి ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఇప్పుడు రాస్తున్నాను. యాభై ఐదో ఏట నేర్చుకున్న అక్షరాలు నావి. వంకరగా ఉంటే మీరే మెడ వంచి చదువుకోండి.

మనుబోలు: బొమ్మల పుస్తకం

దేవదానం వడ్రంగి. నేను నవారు మంచాలు అల్లేదాన్ని. వాడు చేసిన మంచానికి నేను అల్లిన నవారు అంటే ఒకప్పుడు మా చుట్టుపక్కల మాట చెల్లేది. ఇప్పుడు తలుపులు కూడా లారీలో దిగుతున్నాయి. వాడి కొట్టంలో గొడ్డలి పిడులూ విరిగిన స్టూళ్ళూ తప్ప పని లేదు. అల్లూరులో రొయ్యల గుంటల ఆసామి ఒకాయన కాపలాకు మనిషి కావాలంటే, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి వస్తానని మాట ఇచ్చి వచ్చాడు. ఉలులన్నీ గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాడు. అరవై ఒక్క ఏళ్ళవాడు, అంత మాట నాకు చెప్పకుండా చేశాడు.

అప్పుడే మా చర్చి టీచరమ్మ సరోజినిగారు ఒక పుస్తకం తెచ్చింది. ఎవరో విదేశీయులు వచ్చి వదిలి పోయిందట. అంతా ఇంగ్లీషు. బొమ్మలు మాత్రం ఏ భాషలోనూ లేవు కాబట్టి మాకు బాగా అర్థమయ్యాయి. కుర్చీలు, బల్లలు, చెక్క డబ్బాలు, తెల్లటి గదులు. షేకర్లని అమెరికాలో ఒక భక్తుల గుంపు. రెండు వందల ఏళ్ళ కిందటే ఊళ్ళు కట్టుకొని అందరూ కలిసి బతికారట. ప్రార్థనలో ఒళ్ళు ఊపుతూ ఆడేవాళ్ళు కాబట్టి ఆ పేరు పడింది. పని చేయడమే ప్రార్థన అనుకొని, చేసే వస్తువులో అక్కర్లేనిది గోరంతైనా పెట్టరు. పువ్వు చెక్కరు, తీగ చెక్కరు. ఇంటికి రెండు తలుపులు, ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి. గోడ చుట్టూ చెక్క కొక్కేలు. ఊడ్చేటప్పుడు కుర్చీలు తలకిందులుగా ఆ కొక్కేలకు తగిలిస్తారు.

"పెళ్ళిళ్ళు లేవంట వాళ్ళకి. అందరూ అన్నాచెల్లెళ్ళేనంట," అన్నది సరోజినిగారు.

"అయితే ఇప్పుడెంతమంది ఉండారు?"

"వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చంట."

"ఉండరు మరి," అన్నాను. కుర్చీ చేయడానికి ఇంత తెలివి పెట్టినవాళ్ళు ఆ చిన్న లెక్క ఎట్లా మరిచారో!

దేవదానం నా మాట వినడం లేదు. కుర్చీ బొమ్మ మీద వేలు పెట్టి, కాళ్ళూ అడ్డకర్రలూ తడుముతున్నాడు. "మేకు లేదక్కా," అన్నాడు. ఆ సాయంత్రమే గోనెసంచి అటక దిగింది.

సరోజినిగారి చెల్లెలు రూతమ్మ, జువ్వలదిన్నె పక్క పల్లెలో పాస్టరుగారి భార్య. అక్కడ కొత్తగా ప్రార్థన ఇల్లు కట్టారు. చాపల మీద కూర్చొని లేవలేక ముసలమ్మలు ఆరాధనకు రావడం మానుకుంటున్నారు. కుర్చీలు వేద్దామంటే ప్రేమవిందు నాడు పంక్తి వేయడానికి నేల ఖాళీ ఉండాలి. గోడకు తగిలించే కుర్చీలైతే రెండూ కుదురుతాయని సరోజినిగారు చెల్లెలికి చెప్పింది. నలభై కుర్చీలు, గోడ చుట్టూ కొక్కేలు. సంఘపెద్ద మాత్రం ప్లాస్టిక్ కుర్చీలే కొందామంటున్నాడు. "ఒకటి చేసి తెచ్చి చూపించండి, ఆదివారం సంఘం తేలుస్తుంది" అని రూతమ్మ కబురు పెట్టింది. ఆ పని దొరికితే కొట్టం నిలుస్తుంది. లేకపోతే ఒకటో తేదీ నుంచి రొయ్యలకు కాపలా.

వాడు వేపకర్రతో కుర్చీ చేశాడు. కాళ్ళకు కాస్త పచ్చి ఉన్న కర్ర, అడ్డకర్రలకు బాగా ఎండిన కర్ర. కాలు ఎండేకొద్దీ బెజ్జం బిగుసుకొని అడ్డకర్రను కౌగిలించుకుంటుంది. కుర్చీని నేను ఒక్క చేత్తో ఎత్తగలను. షేకర్లు కూర్చునే చోట గుడ్డపట్టీ అల్లుతారు. అది అచ్చం మన నవారే. "బాగా బిగించి అల్లాలని రాసిందమ్మా," అని సరోజినిగారు చదివి చెప్పింది. నాకు నవారు అల్లడం నేర్పే షేకరు ఇంకా పుట్టలేదన్నాను. పుట్టరు కూడా కదా, పాపం.

నెల్లూరు దారి: కుర్చీకి టికెట్టు

శుక్రవారం పొద్దున బస్సెక్కితే నడవంతా కూరగాయల మూటలు. ఒక సీటు ఖాళీగా ఉంటే కుర్చీని దాని మీద పెట్టి, పడకుండా చెరో పక్కన పట్టుకొని నిలబడ్డాం. కండక్టరు వచ్చి కుర్చీ వైపు చూశాడు, మా వైపు చూశాడు.

"ఏం పెద్దమ్మా, ముగ్గురా?"

"ఇద్దరమే నాయనా. కూర్చునేవాళ్ళకు టికెట్టు గానీ, కూర్చోబెట్టేదానికి టికెట్టేంది?"

"అది సీట్లో దర్జాగా కూర్చోనుండాది గదా! మీరే నిలబడుండారు."

బస్సంతా నవ్వింది. చివరకు లగేజీ టికెట్టు కొట్టాడు. మూటలు రెండు దిగిపోయాక కుర్చీని నడవలోకి దించాం. అంతే, టికెట్లు రాసుకోవడానికి కండక్టరే అందులో కూర్చున్నాడు. "సుఖంగా ఉందే! ఎవురు జేసినారు?" అన్నాడు. దేవదానం సిగ్గుపడి కిటికీలోంచి బయటకు చూశాడు. తర్వాత అరటిగెలల అమ్మ, ఆమె తర్వాత గేదెల బేరానికి పోయే లావుపాటి మనిషి. ఈయన నెల్లూరు దాకా లేవలేదు, పైగా నిద్రపోయాడు.

నెల్లూరులో కారం దోసె తిన్నాం. మా ఊళ్ళో కారం దోసె మీద కనపడుతుంది, ఇక్కడ కళ్ళల్లో కనపడుతుంది. అల్లూరు బస్సుకు టైముందని, పక్కనే ఉన్న పెద్ద ఫర్నిచర్ షాపులోకి కుర్చీతో సహా పోయాం. ఇంత సోఫా, దాని నెత్తిన కిరీటం, కిరీటంలో నెమలి. అరవై వేలట. ఆ నెమలి వీపుకు ఎక్కడ గుచ్చుకుంటుందో కూర్చొని చూద్దామంటే ప్లాస్టిక్ కవరు తీయరు. షాపులో కుర్రాడు మా కుర్చీని కిందా మీదా చూసి అడిగాడు.

"తాతా, దీనికి డిజైన్ ఏదీ?"

"ఉండింది. తీసేసినాను," అన్నాడు దేవదానం.

వాడు పుట్టి అరవై ఏళ్ళలో నాకు నచ్చిన మాట అదొక్కటే.

అల్లూరు: రొయ్యల కాపలా

అల్లూరు దగ్గరికి వచ్చేసరికి ఒక పక్క వరి మళ్ళు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. గుంటల్లో చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటాయి. మా పినతల్లి కూతురింట్లో దిగాం. ఊరి చుట్టూ రొయ్యలే కదా, రొయ్యల కూర పెడతారని ఆశపడ్డాను. వంకాయలో ఎండుచేప వేసి పెట్టింది. "రొయ్యలన్నీ లారీ ఎక్కతాయి అక్కా, మనకు వాసన మిగలతాది," అన్నది. వంకాయ కూర మాత్రం బ్రహ్మాండం. ఆమె ఇంటిల్లిపాదీ వంతులవారీగా కుర్చీలో కూర్చొని చూశారు. నవారు కాస్త దిగింది. కొత్త నవారు అంతే కదా అనుకున్నాను.

శనివారం పొద్దున తమ్ముడు తాను చేయబోయే కాపలా చోటు చూసి వద్దామన్నాడు. గుంట గట్టు మీద ఒక రేకుల గుడిసె. ఇప్పుడున్న కాపలాదారు కోటయ్య, కంటిచూపు తగ్గి మానేస్తున్నాడు. మమ్మల్ని చూసి ఎంత సంతోషించాడంటే, మాట్లాడడానికి మనిషి దొరికి ఎన్నాళ్ళయిందో పాపం. మా కుర్చీ వేసుకొని మధ్యాహ్నం దాకా లేవనే లేదు.

ఆ గుడిసె చూడాలి మీరు. నేల మీద ఒక్క వస్తువు లేదు. చొక్కా, గొడుగు, టార్చిలైటు, క్యారేజీ, చీపురు, అన్నీ గోడకు కొట్టిన కర్రముక్కలకు వరసగా వేలాడుతున్నాయి. నేల అద్దంలా ఉంది. "పాములొస్తాయమ్మా, కింద ఏముండినా దాని కిందికి చేరతాయి," అన్నాడు కోటయ్య. అమెరికా భక్తులకు దేవుడు నేర్పింది ఈయనకు పాము నేర్పింది. దేవదానం లేచి ఒక్కో కర్రముక్కనూ పట్టి చూశాడు. కొన వైపు పైకి కొద్దిగా వంపు పెట్టి కొట్టాడు కోటయ్య, బరువు జారకుండా.

"పని కష్టమా అన్నా?" అడిగాడు తమ్ముడు.

"కష్టమేం లేదబ్బయ్యా. అదే కష్టం."

"ఖాళీగా ఉన్నప్పుడు ఉలి పట్టుకుంటే ఏమన్నా అంటారా?"

"ఏం చెక్కతావు ఈడ? నీళ్ళనా?"

కోటయ్య పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. దేవదానం నవ్వలేదు. గుంటలో చక్రాల వైపు చూస్తూ నిలబడ్డాడు. వాడు పదేళ్ళప్పుడు నాన్న దగ్గర మొదటి ఉలి తీసుకున్ననాటి ముఖం నాకు తెలుసు. ఈ ముఖం తెలియదు.

జువ్వలదిన్నె: రేవు

ఆటోవాడు ఇద్దరికీ కుర్చీకీ కలిపి మూడు వందలన్నాడు. కుర్చీలో నిన్నే కూర్చోబెడతాను, సగం చేయి అన్నాను. రెండు వందల యాభైకి వచ్చాడు. సరుగుడు తోటలు దాటాక గాలి మారింది. పెదవి నాకితే ఉప్పు.

రేవులో బోట్లన్నీ పెళ్ళికి వచ్చిన లారీల్లాగా రంగులు వేసుకొని నిలబడ్డాయి. ఇప్పుడు ఎక్కువ ఫైబరువే. ఇసుకలో పక్కకు ఒరిగిన పాత చెక్క పడవ ఒకటి కనపడితే దేవదానం అక్కడికే పోయాడు. దాని పలకల మధ్య అతుకుల మీద అరచేయి వేసి, కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు పొట్ట చూసినట్టు చూశాడు. ఇనుము తగిలినచోట కర్ర నల్లబడి కుళ్ళింది, కర్రకు కర్ర దిగినచోట చెక్కుచెదరలేదు.

పక్కనే నీడలో వలలు బాగుచేసే పోలయ్య కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. నా వయసే ఉంటుంది. కుర్చీ చూసి రమ్మని పిలిచి, కూర్చొని, లేచి, నవారు మీద వేలితో కొట్టి చూశాడు.

"అమ్మా, ఇది అల్లినావా, పరిచినావా?"

"నలభై ఏళ్ళుగా అల్లతుండా. నీ వల మాదిరి చిల్లులు పెట్టి అల్లితే నిన్న మా ఊరి గేదెల బేరగాడు కింద పడుండేవాడు."

"చిల్లులుండినా నా వలలో టన్ను చేప నిలస్తాది తల్లా. నీదాంట్లో నేనే నిలవలా."

ఒళ్ళు మండింది. అక్కడినుంచి వచ్చేటప్పుడు తమ్ముడు మెల్లగా అన్నాడు, "అక్కా, సాయంత్రం విప్పి మళ్ళీ బిగిస్తావా?"

"నువ్వు కూడానా? మంచానికి ఎంత వదులు పెట్టాల్నో నాకు తెలీదా?"

"ఇది మంచం కాదు గదక్కా."

నేను వినలేదు. రూతమ్మ ఇంట్లో మామిడికాయ వేసిన చేపల పులుసు. మేమైతే వేడిగా తింటాం, వీళ్ళు నిన్నటిదే మంచిదని ఒక పూట ఆపి తింటారు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. కోపంలో నాకు ఆకలి ఎక్కువ.

ప్రార్థన ఇల్లు

రెండు తలుపులు! షేకర్ల పుస్తకంలో చూసినట్టే, ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి. వీళ్ళు ఆ పుస్తకం చూసి కట్టలేదు. మన పల్లెల్లో ఎప్పుడూ ఎడమకు వాళ్ళు, కుడికి వీళ్ళు కూర్చుంటారు కదా, ఒకే తలుపైతే తోపులాట అని మేస్త్రీ రెండు పెట్టాడట. తెల్లటి సున్నం, నున్నటి నేల. గోడకు ఏసుప్రభువు పటం కూడా లేదు. దేవదానం గడపలోనే ఆగి, "దీనికి కుర్చీ చేసేవాడు అదృష్టవంతుడు," అన్నాడు. వాడు తన సంగతి చెప్పుకోవడం లేదు. ఎవరో ఒకరు, అన్నట్టు అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఇంకో పల్లెలో ప్రార్థనకు సైకిలు మోటారు మీద పోయారు. తేల్చే పని సంఘానికి వదిలారు. సంఘపెద్ద యాకోబుగారు పక్కన ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పెట్టాడు. మధ్యలో మా కుర్చీ. ముందు ఎవరు కూర్చోవాలి? ఎవరికోసం ఈ తంటా అంతా మొదలైందో ఆ మరియవ్వే. ఎనభై దాటిన మనిషి, రెండు మోకాళ్ళూ వంగవు. ఇద్దరు పట్టుకుంటే వచ్చి, దేవుడి పేరు చెప్పుకొని కూర్చుంది.

కూర్చుంది అంటే దిగింది. కండక్టరూ, గేదెల బేరగాడూ, కోటయ్యా అందరూ కలిసి తొక్కిన నవారు గంగాళంలాగా వంగిపోయింది. మరియవ్వ నడుము లోపలికి పోయి మోకాళ్ళు గడ్డం దగ్గరికి వచ్చాయి.

"ఓలమ్మో, బావిలో పడినానే! లేపండే!" అని ఆమె కేకలు. నలుగురు పట్టి పైకి లాగారు. ఆడవాళ్ళ వైపు నవ్వులు, మగవాళ్ళ వైపు దగ్గులు.

"చూసినారా?" అన్నాడు యాకోబుగారు. "కుర్చీలో బలం లేదు. మొదటిరోజే ఇట్టా ఉంటే, ఈ ఉప్పుగాలికి ఆరునెల్లు నిలబడదు. ప్లాస్టిక్కే ఖాయం చేద్దాం."

అందరూ దేవదానం వైపు చూశారు. వాడు ఒక్క మాట అంటే చాలు. నవారు మా అక్క అల్లింది, బిగించమన్నా బిగించలేదు, అంటే చాలు. వాడు అనలేదు. తల వంచుకొని, "చెయ్యి తిరగలేదయ్యా, పొరపాటు నాదే," అన్నాడు. కుర్చీని చంకలో పెట్టుకోవడానికి వంగాడు.

నాకు వాడిని కొట్టాలనిపించింది. మంచిగా ఉండేవాళ్ళతో వచ్చే తిప్పలు ఇవే, మనల్ని కూడా మంచిగా ఉండమని ఇరికిస్తారు. లేచి నిలబడ్డాను.

"అబద్ధం. పొరపాటు కర్రది కాదు, వాడిదీ కాదు. నవారు అల్లింది నేను. మంచానికి అల్లినట్టు అల్లినాను. మంచానికైతే కాళ్ళ దిక్కు తాడుంటాది, వారానికోసారి లాగి బిగించుకుంటారు. దీనికి ఆ తాడు లేదు. ఆ సంగతి పుస్తకంలో ఉందని టీచరమ్మ చెప్పింది, వల బాగుచేసే మనిషి చెప్పినాడు, వీడూ చెప్పినాడు. నేను వినలేదు. నలభై ఏళ్ళ పని తెలిసినదాన్నని కొవ్వు."

రూతమ్మను కూరలు కోసే కత్తి తెమ్మన్నాను. నవారు నాలుగు దిక్కులా కోసి పడేశాను. నా చేత్తో అల్లింది నా చేత్తో కోయడం అదే మొదలు. వట్టి చట్రం మిగిలింది. దాన్ని యాకోబుగారి ముందుకు తోశాను.

"ఇప్పుడు ఈ కర్ర మీద నిలబడి ఎగురు పెద్దాయనా. విరిగితే ఈ ఇంట్లో కుర్చీలన్నీ నువ్వు చెప్పిన ప్లాస్టిక్కే."

ఆయన ఎగరలేదు గానీ, రెండు కాళ్ళూ అడ్డకర్రల మీద పెట్టి నిలబడ్డాడు. అటూ ఇటూ ఊగాడు. చట్రం కిర్రుమనలేదు. కిందికి దిగి, వంగి అతుకులు చూశాడు. మేకు కోసం వెతుకుతున్నాడని నాకు తెలుసు. దొరకదు.

"కర్రకేం లేదు," అన్నాడు చివరకు, కొంచెం బాధగానే. "కూర్చునేదానికి ఏం కడతారు మరి?"

వెనక వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకొని నిలబడ్డ మనిషిని అప్పుడు గుర్తుపట్టాను, నిన్నటి పోలయ్య. వల అంచుకు కట్టే సన్నటి నైలాను తాడు చుట్ట తెప్పించి, నేల మీద కూర్చొని, కుర్చీని కాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. నేను ఎదురుగా కూర్చొని తాడు కొస పట్టుకున్నాను. "లాగు తల్లా, మంచం అనుకోకుండా లాగు," అన్నాడు. లాగాను. నా అరచేతులు ఎర్రబడ్డాయి. గళ్ళు గళ్ళుగా, వల ముడితో, ఒక గంటలో అయిపోయింది. వేలితో కొడితే ఠంగుమంది. చూడడానికి నా నవారంత ముద్దుగా లేదు. ఆ మాట నేను ఇప్పటికీ అంటాను.

మరియవ్వ ఈసారి ముందు చేత్తో నొక్కి చూసింది, తర్వాత కూర్చుంది. ఆమె నిటారుగా కూర్చొని, చీర సర్దుకొని, తనంతట తానే లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. "ఇంగ ఎవురూ నన్ను పట్టుకోబళ్ళేదు," అన్నది. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో స్తోత్రం అన్నారు. యాకోబుగారు ఎర్ర కుర్చీని చప్పుడు కాకుండా బయటికి మోసుకుపోయాడు.

అట్లా నలభై కుర్చీలకు చట్రాలు మా తమ్ముడివి, అల్లిక ఆ పల్లె వలలవాళ్ళది. నవారు అక్కర్లేదు. అంటే నేను అక్కర్లేదు. ఆ మాట ముందే నేనే అనేశాను, ఇంకొకరు అంటే బాగుండదు కదా.

దేవదానం నా వైపు చూడలేదు. చూసుంటే ఇద్దరం ఏడ్చేవాళ్ళం, అంతమందిలో అసహ్యంగా ఉండేది. వాడు జేబులోంచి పెన్సిలు తీసి నేరుగా గోడ దగ్గరికి పోయాడు.

"కొత్త సున్నమయ్యా! గీతలు పెట్టొద్దు!" అని యాకోబుగారు బయటినుంచి పరుగెత్తుకొచ్చాడు.

"కొక్కేలు ఎంత ఎత్తులో రావాల్నో తెలియాల గదా పెద్దాయనా. పొట్టివాళ్ళకు కూడా అందాల. అందరూ గోడ దగ్గరికి రాండి, చేతులు పైకెత్తండి. అక్కా, నువ్వు కూడా."

ఆడవాళ్ళందరూ ఎడమ గోడకు, మగవాళ్ళందరూ కుడి గోడకు వరసగా నిలబడి చేతులు పైకెత్తారు. మరియవ్వ కూడా ఎత్తింది. యాకోబుగారు కాసేపు గొణిగి, చివరకు ఆయనా ఎత్తాడు. వాడు ఒక్కొక్కరి వేళ్ళ కొస దగ్గర చిన్న గీత పెట్టుకుంటూ, ఏదో లెక్క తనలో తాను చెప్పుకుంటూ పోతున్నాడు. ఎవరూ మాట్లాడడం లేదు.

అప్పుడే పాస్టరుగారు తిరిగొచ్చారు. మగవాళ్ళ తలుపు దగ్గర ఆగి లోపలికి చూశారు. ఇంతమంది చేతులెత్తి మౌనంగా నిలబడి ఉండడం చూసి గబగబా చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా వచ్చి వరస చివర నిలబడి, కళ్ళు మూసుకొని, తాను కూడా రెండు చేతులూ పైకెత్తారు. దేవదానం ఆయన దగ్గరికి వచ్చి, ఆయన వేళ్ళ కొసన కూడా ఒక గీత పెట్టి, ముందుకు పోయాడు.